రిసార్టు కట్టే ముందు రైలు లెక్క వెయ్యండి

మైపాడు నుంచి కొత్తపట్నం దాకా మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల తీరంలో ఎక్కడ రిసార్టో, వాటర్ పార్కో కడతామని ప్రకటన వచ్చినా అందులో రెండు అంకెలు తప్పకుండా ఉంటాయి. హైవేకి ఇన్ని కిలోమీటర్లు, రైల్వే స్టేషనుకి ఇన్ని కిలోమీటర్లు. రెండో అంకె చూడగానే అందరికీ ధైర్యం వస్తుంది. రైలు దగ్గరే కదా, జనం దిగుతారు, ఆటో ఎక్కుతారు, సాయంత్రానికి తిరిగి పోతారు అనుకుంటారు. నా పేచీ అంతా ఆ రెండో అంకెతోనే. స్టేషను ఎంత దూరమన్నది అసలు లెక్కే కాదు. అక్కడ ఏ రైలు ఆగుతుంది, ఎన్ని నిమిషాలు ఆగుతుంది, దాన్ని ఆపితే వెనక ఏది నిలబడిపోతుంది, పొద్దుగూకాక తిరిగి ఎక్కేవాళ్లకు బోగీలో కాలు పెట్టే చోటుందా? లెక్క వీటికి వెయ్యాలి. ఇవాళ ఆ లెక్క ఎవరూ అడగడం లేదు.

అడగకపోవడానికి కారణం నిబంధనల్లోనే ఉంది. రైల్వే హద్దుకు 30 మీటర్ల లోపల కట్టడం కట్టాలంటే రైల్వే నుంచి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తేవాలి. స్టేషను వెనక వీధిలో రెండు గదుల డాబా వేసుకునే కుటుంబానికి కూడా ఆ తిప్పలు తప్పవు. అదే ఎనిమిది కిలోమీటర్ల అవతల, పండగపూట పదివేల మందిని పిలిచే పార్కు కడితే ఆ 30 మీటర్ల నిబంధన దాన్ని తాకదు. పోనీ ఊరి జనమైనా అడుగుదామంటే, 2006 నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ గనులకూ సిమెంటు ఫ్యాక్టరీలకూ ప్రజాభిప్రాయ సేకరణ పెట్టమంది గానీ భవనాలు, టౌన్‌షిప్పుల కోవలోకి వచ్చేవాటికి అక్కర్లేదంది. రిసార్టులు సాధారణంగా ఈ కోవలోకే వస్తాయి. అంటే పట్టాల మీద పడే భారం గురించి రైల్వే చెప్పే సందర్భం లేదు, జనం అడిగే సందర్భమూ లేదు.

ముందు ఈ లైను ఎలాంటిదో చూడాలి. గూడూరు, నెల్లూరు, కావలి, సింగరాయకొండ, ఒంగోలు మీదుగా విజయవాడ పోయే ఈ పట్టాల మీద చెన్నై–హౌరా రైళ్లూ, చెన్నై–ఢిల్లీ రైళ్లూ రెండూ నడుస్తాయి. కృష్ణపట్నం పోర్టు గూడ్సులు వెంకటాచలం దగ్గర కలుస్తాయి. 2019లో ఓబులవారిపల్లె–వెంకటాచలం లైను తెరిచాక రాయలసీమ వైపు పోయే బొగ్గు గూడ్సులకు వెలిగొండల కింద సొరంగం గుండా అడ్డదారి దొరికింది. అది కొంత ఊరట. విజయవాడ–గూడూరు మధ్య దాదాపు 288 కిలోమీటర్ల మూడో లైను కూడా భాగాలు భాగాలుగా తెరుచుకుంటూ వచ్చింది. మూడో లైను వచ్చాక ఇక ఎన్ని రైళ్లయినా ఆపొచ్చని చాలామంది అనుకుంటున్నారు. అదొక భ్రమ. మూడో లైను పనే, ఉన్న రెండు లైన్ల మీద ఇప్పటికే కిక్కిరిసిన రైళ్లకు ఊపిరి ఆడేలా చెయ్యడం. పైగా అది గూడూరుతో ఆగిపోతుంది. నెల్లూరు తీరానికి వారాంతపు జనం ఎక్కువగా వచ్చేది చెన్నై నుంచే. వాళ్లు గూడూరు దక్షిణాన ఉన్న పట్టాల మీద నుంచే రావాలి.

ఒక లైను మీద రోజుకు ఎన్ని రైళ్లు పోగలవో అంచనా వెయ్యడానికి రైల్వేలో స్కాట్ సూత్రం అని పాత పద్ధతి ఒకటుంది. రోజుకు 1440 నిమిషాలు. రెండు స్టేషన్ల మధ్య అన్నిటికంటే ఎక్కువసేపు పట్టే సెక్షను తీసుకుని, దాన్ని నెమ్మదైన రైలు దాటే సమయానికి, సిగ్నళ్లు ఇచ్చిపుచ్చుకునే సమయం కలపాలి. ఆ మొత్తంతో 1440ని భాగించి, వచ్చినదాన్ని 0.7తో గుణించాలి. గూడ్సు బండి ఒక సెక్షను దాటడానికి 12 నిమిషాలు, సిగ్నలు పనికి 3 నిమిషాలు అనుకుందాం. 1440ని 15తో భాగిస్తే 96. అందులో నూటికి డెబ్బై అంటే ఒక దిక్కుకు 67 రైళ్లు. మిగిలిన ముప్పై శాతం మిగులు కాదు. పట్టాల మరమ్మతుకూ, ఆలస్యంగా వచ్చిన బండిని సర్దుకోవడానికీ, ఏ పశువో అడ్డం పడితే తేరుకోవడానికీ ఉంచుకునే సందు అది. కొత్త హాల్టు అడిగినప్పుడల్లా మనం చెయ్యి పెట్టేది ఆ సందులోనే.

హాల్టు ఖరీదు రెండు నిమిషాలని టైంటేబుల్లో కనిపిస్తుంది. అసలు ఖరీదు వేరు. చిన్న స్టేషన్లలో చాలాచోట్ల ప్లాట్‌ఫారం లూప్ లైను (రైలును పక్కకు తప్పించే లైను) పక్కన ఉంటుంది. మెయిన్ లైను వదిలి లూపులోకి మళ్లే పాయింట్ల (పట్టాలు మారే చోటు) మీద వేగం మామూలుగా గంటకు 30 కిలోమీటర్లే. 24 ఎల్‌హెచ్‌బీ బోగీలు, ఇంజనుతో కలిపి రైలు పొడవు దాదాపు 600 మీటర్లు. గంటకు 30 కిలోమీటర్లంటే సెకనుకు ఎనిమిది మీటర్ల పైచిలుకు. తోక పాయింట్లు దాటడానికే 72 సెకన్లు పడుతుంది. బయటికి పోయేటప్పుడు మళ్లీ అంతే. దానికి ముందు వేగం తగ్గించుకోవడం, తర్వాత పుంజుకోవడం, మధ్యలో ఆగిన రెండు నిమిషాలు. అన్నీ కలిస్తే ఒక్క హాల్టుకు ఏడెనిమిది నిమిషాలు పోతాయి. పైన వేసిన లెక్కలో ఒక్కో రైలుకు మనం ఇచ్చుకున్నది 15 నిమిషాలు. అంటే రెండు హాల్టులు కలిసి ఒక రైలు దారిని మింగేస్తాయి. ఈ దారిన పోయే వందే భారత్‌లకు నెల్లూరు, ఒంగోలు లాంటి పెద్ద స్టేషన్లే ఇచ్చారంటే చిన్న ఊళ్ల మీద చిన్నచూపు అని కాదు, ఈ లెక్కే కారణం.

ఇప్పుడు పార్కు వైపు లెక్క. ఏడాదికి పది లక్షల మంది వస్తారని ఒక ప్రాజెక్టు నివేదిక చెప్పిందనుకుందాం. 365తో భాగిస్తే రోజుకు 2,740. నివేదికలు ఇక్కడే ఆగిపోతాయి. 2,740 మందిలో రైలుకు వచ్చేది నాలుగు వందలు, అదేం భారం అంటాయి. ఆ సగటు రోజు క్యాలెండర్లో ఎక్కడా ఉండదు. మంగళవారం మధ్యాహ్నం పార్కు బోసిపోతుంది. కార్తీక పౌర్ణమికి సముద్ర స్నానాలకు వచ్చేవాళ్లు, కార్తీకంలో ఆదివారం వనభోజనాల వాళ్లు, సంక్రాంతి సెలవులు, జనవరి ఒకటి, మే నెల ఆదివారాలు, జనం వచ్చేది అప్పుడు. అలాంటి రోజు సగటుకు అయిదింతలనుకోండి, 13,700 మంది. అందులో నూటికి పదిహేను మంది రైలుకు వస్తే రెండు వేలు. పొద్దున వాళ్లు ఒక్కొక్కరుగా, అయిదారు గంటల పొడవునా వస్తారు. సాయంత్రం అలా కాదు. కార్తీకంలో ఆరు కాకుండానే చీకటి పడుతుంది. సముద్రంలోంచి బయటికి రమ్మని పోలీసులు విజిల్ వేస్తారు. ఆరుకూ ఎనిమిదికీ మధ్య పదిహేను వందల మంది ఒకే ప్లాట్‌ఫారం మీదికి చేరతారు.

ఆ పదిహేను వందల మందిని ఒక ఎక్స్‌ప్రెస్ ఎలా ఎక్కించుకుంటుందో దగ్గరగా చూడాలి. రిజర్వేషన్ లేనివాళ్లకు నాలుగు జనరల్ బోగీలు. ఒక్కో బోగీకి ప్లాట్‌ఫారం వైపు రెండు తలుపులు, మొత్తం ఎనిమిది. రెండు నిమిషాలంటే 120 సెకన్లు. దిగేవాళ్లకు నలభై సెకన్లు పోతే మిగిలేది 80. తడి బట్టల సంచి ఒక చేతిలో, పిల్లాడు ఇంకో చేతిలో ఉన్న మనిషి మెట్లెక్కి లోపలికి పోవడానికి రెండు సెకన్లు చాలనుకుందాం. తలుపుకు నలభై మంది చొప్పున ఎనిమిది తలుపులకు 320. అదీ లోపల చోటుంటేనే. విజయవాడ నుంచో ఇంకా పైనుంచో వచ్చే బండిలో ఆదివారం రాత్రి చోటెక్కడిది? పైగా ఆ నాలుగు బోగీలు ముందు రెండు, వెనక రెండుగా ఉంటాయి. చిన్న స్టేషన్లలో షెడ్డు, దీపాలు, బెంచీలు మధ్యలో ఉంటాయి. రైలు కనపడగానే మధ్యలో నిలబడ్డ జనం చీకట్లో రెండు చివర్లకూ పరిగెత్తుతారు. కాళ్లు తడబడేది అక్కడ. కుటుంబంలో సగం మంది ఎక్కి సగం కింద ఉండిపోతే ఎవరో ఒకరు చైను లాగుతారు. అకారణంగా చైను లాగితే రైల్వే చట్టం 141వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలో, వెయ్యి రూపాయల జరిమానానో ఉందని ఆ క్షణంలో ఎవరికీ గుర్తుండదు. లాగిన బోగీ వెతికి, దాన్ని సరిచేసి, బ్రేకు ఒత్తిడి మళ్లీ వచ్చేదాకా బండి కదలదు. వెనక సిగ్నలు దగ్గర ఇంకో రైలు నిలబడి ఉంటుంది.

టికెట్ల సంగతి చిన్నదే గానీ దాని దెబ్బ పెద్దది. కౌంటర్లో ఒక టికెట్టుకు చిల్లరతో సహా 40 సెకన్లు పట్టినా గంటకు 90. ముగ్గురికో టికెట్టు అనుకుంటే 1,500 మందికి 500 టికెట్లు, రెండు గంటల్లో అవ్వాలంటే మూడు కౌంటర్లు కావాలి. చిన్న స్టేషనులో తెరిచేది ఒకటి. పొద్దునే తిరుగు టికెట్టు కొనిపెట్టుకుందామా అంటే, రెండు వందల కిలోమీటర్ల లోపు జనరల్ టికెట్టుతో మూడు గంటల్లోపో, అప్పటికి రైలు లేకపోతే ఆ తర్వాతి మొదటి రైలుకో బయల్దేరాలి. అందుకే అందరూ ఆ రెండు గంటల్లోనే కౌంటర్ మీద పడతారు.

తర్వాత ఫుట్‌ బ్రిడ్జి. మెట్ల మీద ఒక మీటరు వెడల్పున నిమిషానికి ముప్పై, మహా అయితే నలభై మంది సాఫీగా కదలగలరు. మూడు మీటర్ల వెడల్పు మెట్లయితే నిమిషానికి నూరు మంది, అదీ అందరూ ఒకే దిక్కుకు పోతుంటే. ఎదురొచ్చేవాళ్లుంటే అందులో సగం. వాన వచ్చి జనం మెట్ల మీదే నిలబడిపోతే ఆ లెక్క సున్నా. 2017 సెప్టెంబరు 29న ముంబై ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషనులో వాన పడుతుండగా ఇరుకు వంతెన మీద 23 మంది చనిపోయారు. 2013 ఫిబ్రవరి 10న కుంభమేళా జనంతో అలహాబాద్ స్టేషనులో 36 మంది. 2025 ఫిబ్రవరి 15న న్యూఢిల్లీలో 18 మంది. ఈ మూడు చోట్లా పట్టాలు బాగానే ఉన్నాయి, రైళ్లూ బాగానే ఉన్నాయి. మెట్ల వెడల్పు, నిలబడే చోటు, మైకులో చెప్పే మాట, వీటి దగ్గర ప్రాణాలు పోయాయి. ఏ రైలు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చివరి నిమిషంలో మార్చకూడదన్నది పెద్ద స్టేషన్లకే కాదు, పండగ రోజు ఉలవపాడుకూ వర్తిస్తుంది.

మన అధికారులకు జనాన్ని సంబాళించడం రాదని నేననను. నెల్లూరు బారాషహీద్ దర్గా రొట్టెల పండక్కి లక్షల మంది వస్తారు. పార్కింగు ఊరి బయట పెట్టి, బస్సులు తిప్పి, స్వర్ణాల చెరువు చుట్టూ క్యూలు కట్టించి ఏటా నడిపిస్తున్నారు. కానీ ఆ పండగ తేదీ నెలల ముందే తెలుసు, ఏడాదికి ఒకసారే వస్తుంది. పార్కు పెడితే ప్రతి ఆదివారం చిన్న పండగే. ప్రతి ఆదివారం జిల్లా యంత్రాంగాన్ని దింపలేరు. అందుకే ఏర్పాటు కట్టడంలోనే ఉండాలి.

వేరే చోట్ల ఏం చేశారు? పారిస్ దగ్గర డిస్నీ పార్కు 1992 ఏప్రిల్ 12న తెరిస్తే, ఊరి లోకల్ రైలు లైనును ఏప్రిల్ ఒకటికే పార్కు గుమ్మం దాకా తెచ్చారు. హాంకాంగ్‌లో 2005 సెప్టెంబరులో పార్కు, ఆగస్టులోనే దానికోసం వేసిన ప్రత్యేక లైను. టోక్యోలో మాత్రం పార్కు 1983లో వచ్చింది, పక్కనే మైహామా స్టేషను 1988 డిసెంబరులో గానీ రాలేదు. ఆ అయిదేళ్లూ ఇంకో స్టేషను నుంచి బస్సుల్లో తోలాల్సి వచ్చింది. ఇంగ్లండులో బెడ్‌ఫర్డ్ దగ్గర యూనివర్సల్ పార్కు 2031లో తెరవాలని 2025లో ప్రకటించారు, మొదటి ఏడాదే 85 లక్షల మంది వస్తారని అంచనా. వాళ్లు స్టేషన్ల మాట, ప్లాట్‌ఫారాల సంఖ్య మాట పునాదికి ముందే ఎత్తారు. మన దేశంలో గుజరాత్ కేవడియాను చూడండి. పటేల్ విగ్రహం 2018 అక్టోబరు 31న తెరిచారు, రైల్వే స్టేషను 2021 జనవరి 17న. రెండేళ్లు ఆలస్యమైనా అక్కడ ఒక మంచి పని జరిగింది. రద్దీ మెయిన్ లైను మీద హాల్టు పెట్టి చేతులు దులుపుకోలేదు. డభోయి–చాందోద్ చిన్న లైనును బ్రాడ్‌గేజ్ చేసి, అక్కణ్ణుంచి 32 కిలోమీటర్ల కొత్త లైను వేసి చివర్న టెర్మినల్ కట్టారు. అక్కడ రైలు అరగంట నిలబడినా ఎవరికీ అడ్డం కాదు.

మనకు దగ్గరి పాఠం అరకు. కొత్తవలస–కిరండూల్ లైను వేసింది బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం. 2017 ఏప్రిల్లో విశాఖ–కిరండూల్ ప్యాసింజరుకు అద్దాల విస్టాడోమ్ బోగీ తగిలించాక దానికి విపరీతమైన పేరొచ్చింది. ఆ బోగీలో సీట్లు నలభై. చలికాలంలో అరకు పోయేవాళ్లు వేలల్లో. ఘాట్లు, సొరంగాలు, ఖనిజం గూడ్సుల నడుమ ఆదివారం ఇంకో రెండు రైళ్లు వెయ్యాలంటే దారి ఏది? రైల్వే బోగీ ఇచ్చింది, దారి ఇవ్వలేకపోయింది. జనమంతా ఘాట్ రోడ్డు మీద కార్లలో ఇరుక్కుంటున్నారు.

రెండో వైపు ప్రమాదమూ ఉంది. ఇంగ్లండులో బ్లాక్‌పూల్ అనే సముద్రపు ఊరికి వేసవి జనం కోసం 14 ప్లాట్‌ఫారాల స్టేషను ఉండేది. వేసవి రెణ్ణెల్లు నిండిపోయి, మిగతా కాలం ఖాళీ. జనం కార్లకు మారాక 1964లో దాన్ని మూసేశారు. కాబట్టి పండగ రోజు లెక్కకు సరిపడా కాంక్రీటు పోసెయ్యండని నేననడం లేదు. పండగ జనాన్ని కొంత పరచాలి, కొంత బస్సుల్లో మళ్లించాలి, మిగిలినదానికి కట్టాలి.

ఇక గేట్లు. మన జిల్లాల్లో హైవే, రైలు పట్టాలు, బకింగ్‌హాం కాలువ, సముద్రం దాదాపు ఒకదాని పక్కన ఒకటి ఉత్తర దక్షిణాలుగా సాగుతాయి. సింగరాయకొండ నుంచి పాకల బీచికి పోయినట్టు, హైవే దిగి సముద్రానికి పోయే కారు చాలాచోట్ల పట్టాలు దాటాలి. కాబట్టి రైలెక్కని పర్యాటకుడు కూడా రైలుకు భారమే. రైలు గేటు భారాన్ని టీవీయూలలో (ట్రైన్ వెహికల్ యూనిట్లలో) కొలుస్తారు. రోజుకు పోయే రైళ్ల సంఖ్యను, దాటే బండ్ల యూనిట్లతో గుణిస్తారు. అది లక్ష దాటితే రోడ్డు వంతెన కట్టడానికి రైల్వే, రాష్ట్రం ఖర్చు పంచుకునే అర్హత వస్తుంది. రోజుకు నూరు రైళ్లు పోయే చోట వెయ్యి కార్లు చాలు, లక్ష అయిపోతుంది. ఒక మోస్తరు పార్కు తన ఒక్క ఆదివారంలో ఆ వెయ్యి దాటిస్తుంది.

గేటు దగ్గర జరిగేది ఇది. సాయంత్రం నిమిషానికి ఆరు బండ్లు వస్తున్నాయనుకోండి. గేటు ఎనిమిది నిమిషాలు పడితే దాదాపు యాభై బండ్లు, మూడు వందల యాభై మీటర్ల వరస. వరసలో ఓపిగ్గా ఉండరు. ఎదురు రోడ్డు ఖాళీగా ఉంది కదా అని పక్కన రెండో వరస కడతారు, అవతలి ఒడ్డునా అంతే. గేటు లేవగానే రెండు గుంపులూ పట్టాల మధ్య ఎదురెదురుగా నిలబడిపోతాయి. వెనక్కి పోవడానికి చోటుండదు. గేటుమన్ గేటు వెయ్యలేడు. సిగ్నలుతో ముడిపడ్డ గేటు పూర్తిగా పడి తాళం పడితే తప్ప రైలుకు సిగ్నలు రాదు. హౌరా నుంచి చెన్నై పోయే బండి ఒక బీచి రోడ్డు మీద ఇరుక్కున్న ఇన్నోవా కోసం గేటు సిగ్నలు దగ్గర ఆగుతుంది. అలాంటి ఆదివారాలు నాలుగు గడిస్తే ఆ సెక్షన్లో సమయపాలన చెడిపోతుంది, దాని కారణం మాత్రం ఏ పార్కు పేరు మీదా రాయరు.

నీళ్ల విషయం అన్నిటికంటే తక్కువ మాట్లాడుకునేది, నాకు అన్నిటికంటే భయం వేసేది. రైలు కట్ట అంటే పడమటి నీళ్లకు అడ్డంగా వేసిన పొడవాటి గట్టు. పెన్నా, మన్నేరు, పాలేరు, మూసి, గుండ్లకమ్మ, వీటి మధ్యలో పేరులేని వాగులు, చెరువుల కలుజు నీళ్లు, అన్నీ ఈ గట్టు కింద వంతెనల్లోంచే సముద్రానికి పోవాలి. తెగితే పట్టాలకు ప్రమాదమైన చెరువుల జాబితాను రైల్వే వేరుగా ఉంచుకుంటుంది. వానలకు ముందు నీటిపారుదల శాఖతో కలిసి వాటి కట్టలు చూసుకోవాలి. చెరువుల జిల్లా నెల్లూరుకు ఆ జాబితా ఎంత ముఖ్యమో చెప్పక్కర్లేదు. కానీ ఆ జాబితా చూసేది కట్టకు పై వైపు. రిసార్టు వచ్చేది కింది వైపు, సముద్రానికీ కట్టకూ మధ్య పల్లంలో.

పల్లంలో కట్టేవాళ్లు ముందు మీటరు, మీటరున్నర గ్రావెల్ తోలి ఎత్తు చేస్తారు. చుట్టూ గోడ కడతారు. దారి కోసం వాగుకు అడ్డంగా రోడ్డు పోసి, కింద 900 మిల్లీమీటర్ల సిమెంటు తూములు రెండు పెడతారు. పైన రైల్వే వంతెనకు ఆరేసి మీటర్ల ఖానాలు మూడున్నాయనుకోండి. నీళ్లు మీటరున్నర లోతున పారితే అక్కడ నీటిదారి 27 చదరపు మీటర్లు. రెండు తూముల నోరు కలిపినా చదరపు మీటరుంబావు. ఇరవై ఏడులోంచి వచ్చిన నీళ్లు ఒకటింబావులోంచి పోవు. వెనక్కి ఎగదన్ని రైలు కట్టకు రెండు పక్కలా నిలబడతాయి. రెండు రోజులు నానిన కట్ట మెత్తబడుతుంది, మట్టి జారి పట్టాల కింది కంకర వదులవుతుంది. ముందు గంటకు 30 కిలోమీటర్ల వేగపు ఆంక్ష పెడతారు, ఇంకా ముదిరితే రైళ్లు ఆపేస్తారు. 2021 నవంబరు పెన్నా వరదకు పడుగుపాడు దగ్గర పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి రైళ్లు ఆగిపోయాయి. అది నది చేసిన పని. చిన్న వాగుల దగ్గర అలాంటి పని మనం చేతులారా చెయ్యకూడదు. తుఫాన్ల కాలం కార్తీకంతోనే వస్తుందని మరిచిపోవద్దు. పార్కులు కిటకిటలాడే నెలలూ, వాయుగుండాల నెలలూ మనకు ఒకటే. 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటప్పుడు రైళ్లు ముందే రద్దవుతాయి. అప్పుడు తీరంలో ఉన్న జనాన్ని ఎవరు, ఏ బండ్లలో తరలిస్తారో ముందే రాసుకోవాలి.

ఇంత భారం చివరికి ఎవరి మీద పడుతుంది? ఎక్స్‌ప్రెస్సులను ఆపలేరు, గూడ్సులను ఎంతకని ఆపగలరు? పక్కకు తప్పించేది ప్యాసింజరునే. టెట్టు, తలమంచి, అల్లూరు రోడ్డు లాంటి చోట్ల ఎక్కేవాళ్లు, ఉలవపాడు మామిడి, సపోటా గంపలతో పట్నం పోయేవాళ్లు, ఒంగోలు కాలేజీ పిల్లలు లూపులో నలభై నిమిషాలు కూర్చుంటారు. ఆ తర్వాత ఆ బండి ఎప్పుడూ ఆలస్యమే, ఎవరూ ఎక్కడం లేదు అన్న మాట పుడుతుంది. రెండోది మరమ్మతు సమయం. పట్టాలు, కరెంటు తీగలు చూసుకోవడానికి రోజూ రెండు మూడు గంటలు లైను ఖాళీగా ఇవ్వాలి. స్పెషల్ రైళ్లు వేసిన ప్రతిసారీ కోత పడేది ఆ గంటలకే. ఆదివారం సంతోషానికి బుధవారం విరిగే పట్టాతో బాకీ తీర్చుకోకూడదు.

స్పెషల్ రైలు వెయ్యడమంటే బోగీలు తగిలించడం కాదు. ఖాళీ రేక్ (బోగీల వరస) విజయవాడ నుంచి తేవాలంటే ఒంగోలుకే దాదాపు 139 కిలోమీటర్లు. జనం లేకుండా అది వచ్చే దారీ, పోయే దారీ కూడా లైను సామర్థ్యంలోంచే ఖర్చు. ఇంజను ముందునుంచి వెనక్కి మార్చడానికి ఒక లూపు, అరగంట కావాలి. అందుకే ఇలాంటి పనికి మెమూ (రెండు చివర్లా డ్రైవరు క్యాబులుండే కరెంటు ప్యాసింజరు బండి) సరైనది. అటు క్యాబులోంచి దిగి ఇటు క్యాబులో ఎక్కితే తిరుగు ప్రయాణం మొదలు, తలుపులూ వెడల్పు. పగలంతా దాన్ని నిలబెట్టుకునే లైను కూడా కావాలి. ఆవిరి ఇంజన్ల రోజుల్లో పెద్ద లోకో షెడ్డుతో వెలిగిన బిట్రగుంట నెల్లూరుకూ కావలికీ నడుమే ఉంది. యార్డుకు అలవాటు పడ్డ ఊరు. అక్కడ రెండు స్టేబ్లింగ్ లైన్లు, నీళ్లు పట్టే ఏర్పాటు ఉంటే అటు మైపాడుకూ ఇటు రామాయపట్నానికీ ఒకే మెమూ పనికొస్తుంది.

నేను కోరేది ఒక కాగితం. ఏడాదికి అయిదు లక్షల మందికి పైగా వస్తారని చెప్పుకునే ఏ ప్రాజెక్టు అయినా, కలెక్టరు దగ్గర ఫైలు కదిలే ముందే, రైల్వే డివిజన్ ఆపరేటింగ్ విభాగం నుంచి రాతపూర్వకమైన లెక్క తేవాలి. అందులో సగటు రోజు కాదు, అన్నిటికంటే రద్దీ రోజు, ఆ రోజులో అన్నిటికంటే రద్దీ గంట ఉండాలి. ఏ గేట్ల మీద ఎన్ని బండ్లు పెరుగుతాయో, ఏ వాగుల మీద తూముల కొలత ఎంతో ఉండాలి. తూము నోరు పైనున్న రైల్వే వంతెన నోటికి తగ్గకూడదు. ప్లాట్‌ఫారం, ఫుట్‌ బ్రిడ్జి, గేటు బదులు వంతెన, ఇవన్నీ కంపెనీ డబ్బు కట్టి రైల్వేతో డిపాజిట్ పనిగా చేయించుకోవాలి. అవి పూర్తయ్యాకే పార్కు గేటు తెరవాలి. టోక్యోకు అయిదేళ్లు బస్సులు తోలే స్తోమత ఉంది, మన బీచి రోడ్లకు లేదు. డివిజన్ ప్రయాణికుల సలహా సంఘంలో మన జిల్లాల నుంచి కూర్చునేవాళ్లు కొత్త హాల్టుల కోసం అర్జీలు ఇచ్చినట్టే ఈ లెక్క కోసమూ అర్జీ ఇవ్వాలి.

నడిపే తీరు కూడా అనుమతిలో షరతుగా రాయాలి. నీళ్ల ఆటలు నాలుగున్నరకు ఆపి, భోజనశాల, దీపాల ప్రదర్శన ఎనిమిదిన్నర దాకా నడిపితే జనం నాలుగు గంటల మీద పరుచుకుంటారు. పార్కు టికెట్టు కొన్నప్పుడే తిరుగు రైలు ఏదో ఎంచుకోమని అడిగి, ఆ రైలు వాళ్లను మాత్రమే ఆ బస్సు ఎక్కించాలి. 1,500 మందికి యాభై సీట్ల బస్సుల్లో ముప్పై ట్రిప్పులు. ఎనిమిది కిలోమీటర్ల దూరం, ఎక్కించి దించి తిరిగొచ్చేసరికి గంట. రెండు గంటల్లో ఒక్కో బస్సు రెండు ట్రిప్పులే వేస్తుంది కాబట్టి 15 బస్సులు. స్టేషను బయట జనం ఆగడానికి మనిషికి అర చదరపు మీటరు చొప్పున 750 చదరపు మీటర్ల కప్పు, మరుగుదొడ్లు, మంచినీళ్లు, ప్లాట్‌ఫారం రెండు చివర్లకూ దీపాలు. రైలు వచ్చే పది నిమిషాల ముందు మాత్రమే, ఆ రైలు వాళ్లను మాత్రమే లోపలికి వదలాలి. చివరి రైలు సమయం పార్కు ప్రతి గుమ్మం మీదా, తెలుగులోనూ తమిళంలోనూ, పెద్ద అక్షరాలతో ఉండాలి. అది తప్పిపోయినవాళ్ల కోసం తొమ్మిదింటికి ఒంగోలుకో నెల్లూరుకో పోయే రెండు బస్సులు స్టేషను ముందు, డ్రైవర్లతో సహా, సిద్ధంగా నిలబడి ఉండాలి.